కడుగునీళ్ళలో మందారం

అనగనగా ఒక ఊళ్ళో, ఊ కొట్టవే చిట్టీ, ఊ కొట్టకపోతే నేను చెప్పను, ఆఁ... ఒక ఊళ్ళో, రైలు స్టేషను ఎదురుగా, ఒక కాఫీ హోటలు ఉండేది. దాన్ని నడిపే ఆవిడ పేరు పేరిందేవి. ఆవిడకో మనవరాలు, వకుళ. అచ్చం నీ అంతే ఉంటుంది. నీలాగే పొద్దస్తమానం ప్రశ్నలు.

పేరిందేవి చేతి కాఫీ అంటే ఊరు ఊరంతా పడి చచ్చేది. ఎందుకో తెలుసా? ఆవిడకి శుభ్రం పిచ్చి. సాయంత్రం హోటలు కట్టేసే ముందు కాఫీ ఫిల్టరు విప్పి, సలసలా మరిగే నీళ్ళు పోసి, చింతపండు పెట్టి తోమి బోర్లించేది. నిన్నటి డికాషను వాసన ఇవాళ్టి కాఫీకి తగిలిందంటే ఆవిడకి అన్నం సయించేది కాదు.

రోజూ మొదటి కాఫీకి సోమయాజులు మాస్టారు వచ్చేవాడు. ఒకప్పుడు బళ్ళో పిల్లలకి బొమ్మలు వెయ్యడం నేర్పిన మనిషి. పాపం, రెండు కళ్ళకీ పొరలు కమ్మేశాయి. గ్లాసు ఎక్కడుందో తడుముకుని తాగేవాడు. ఇంట్లో ఆయనకి తోడుగా ఉన్నది ఒక్క ఎర్ర చేప. దాని పేరు మందారం.

ఒకరోజు మాస్టారు ఆ చేపని తొట్టితో సహా రిక్షా ఎక్కించుకుని హోటలుకి తెచ్చేశాడు.

"పేరిందేవిగారూ, కళ్ళ ఆపరేషనుకి మా చెల్లెలి ఊరు వెళ్తున్నాను. పదిహేను రోజులు మా మందారాన్ని చూసుకోండి. దీన్ని తెచ్చుకునేటప్పటికే నాకు చూపు మందగించింది. నా కంటికి ఇదొక ఎర్రటి మరక, అంతే. చూపొచ్చాక దీన్ని కళ్ళారా చూడాలమ్మా."

"మీరు నిశ్చింతగా వెళ్ళిరండి మాస్టారూ. తొట్టి అద్దంలా ఉంచి మీకు అప్పజెప్తాను" అని పేరిందేవి ఆయన చేతిలో చెయ్యేసి మాట ఇచ్చింది.

అప్పుడు వకుళ ఏం చేసిందంటావు? తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుంది. తొట్టి మీద ఒక పొడుగాటి పెట్టె ఉంది. చిన్న మోటారు గుర్రుమంటూ నీళ్ళని పైకి లాగి అందులో పోస్తోంది. పెట్టెలో మూడు అరలు. ఒకదాంట్లో తెల్ల దూది, ఒకదాంట్లో నల్ల బొగ్గు, ఇంకోదాంట్లో స్పాంజి. నీళ్ళు ఆ మూడూ దాటుకుని సన్నగా మళ్ళీ తొట్టిలోకే పడుతున్నాయి.

"నీళ్ళు వడగట్టడానికి మూడెందుకు నాయనమ్మా? కాఫీకి ఒకటేగా?"

"నన్నడుగుతావేం? ఆ పెట్టె చేసినవాణ్ణి అడుగు" అంది పేరిందేవి. తెలియనప్పుడు ఆవిడకి కోపం వచ్చేది. నాకూ వస్తుందిలే.

ఆ సాయంత్రం పేరిందేవి పెట్టె మూత తీసింది. చూస్తే స్పాంజికి గోధుమరంగు జిగట! వేలు పెడితే జర్రున జారింది. "ఛీ ఛీ ఛీ! పాపం కనపడని మనిషి, ఎన్నేళ్ళ మురికో ఇది!" అంది. కాఫీ ఫిల్టరుతో పాటే స్పాంజిని కూడా గంగాళంలో వేసి, మరిగే నీళ్ళు పోసి, పిండి, మళ్ళీ పోసి, మళ్ళీ పిండి, కొత్తదానిలా చేసి పెట్టింది. చేసి ఎంత మురిసిపోయిందో!

రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు వకుళ లేచి చూసేసరికి తొట్టిలో నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. మందారం ఎక్కడుందో కనపడలేదు. అద్దానికి ముక్కు ఆనించి వెతికితే అప్పుడు, అదిగో, మూల ఒక ఎర్రటి మరక.

"అయ్యో రాత! మాస్టారుకి ఏం ముఖం చూపించను?" అని పేరిందేవి గుండెలు బాదుకుంది.

ముందు దూది మార్చింది. నీళ్ళలో నలుసులు పోయాయి, తెలుపు పోలేదు. ఆ తర్వాత బజారు నుంచి కొత్త బొగ్గు తెప్పించి వేసింది. నీచు వాసన పోయింది, తెలుపు పోలేదు. ఆ తర్వాత కొంగు నడుముకి దోపి, తొట్టిలో నీళ్ళన్నీ తోడేసి, కుళాయి నీళ్ళు నింపింది. ఒక్కరోజు తళతళలాడింది. మర్నాటికి మళ్ళీ అదే కడుగునీళ్ళు. ఇక స్పాంజి సంగతంటావా, దానికి రోజూ సాయంత్రం మరిగే నీళ్ళ స్నానం తప్పలేదు.

అలా పది రోజులు గడిచాయి. మందారం పైకి తేలి, నోరు తెరుస్తూ మూస్తూ గాలి మింగడం మొదలుపెట్టింది. దుప్పటి తన్నకే, చెప్తున్నాగా! దానికేమీ కాదులే, విను.

వకుళకి ఏడుపొచ్చింది. కానీ ఏడవలేదు, లేచి పరుగెత్తింది. బస్టాండు పక్కన ఖాజాబీ అని ఒకావిడ రంగుచేపలు అమ్మేది. ఆవిడ కొట్లో ఇరవై తొట్లు. అన్నీ తేటగా ఉన్నాయి. వకుళ ఊపిరి తీసుకోకుండా జరిగిందంతా చెప్పింది.

ఖాజాబీ విని, "దూది మార్చారు, మంచిదే. బొగ్గు మార్చారు, అదీ మంచిదే. స్పాంజి ఏం చేశారు బేటీ?" అంది.

"మా నాయనమ్మ రోజూ మరిగే నీళ్ళతో కడుగుతుందండీ, కాఫీ ఫిల్టరుతో పాటు."

ఖాజాబీ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అరె, ఎంత పని చేశారమ్మా!"

అప్పుడు ఆవిడ తన పెట్టె మూత తీసి చూపించింది. అందులోనూ స్పాంజికి అదే గోధుమరంగు జిగట.

"ఇది మురికనుకున్నారా? ఇందులో కంటికి కనపడనంత చిన్న ప్రాణులు కాపురం ఉంటాయి. కంటికి కనపడే చెత్తని దూది పడుతుంది. రంగునీ వాసననీ బొగ్గు పడుతుంది. చేప విడిచిన దాంట్లో విషం ఉంటుంది చూడు, అది మాత్రం వీటికే అరుగుతుంది. మీ నాయనమ్మ వాటిని రోజూ ఉడకబెట్టేస్తోంది. అవి లేకపోతే నీళ్ళు ఎక్కడ కుదురుకుంటాయి?"

వకుళ నోరు వెళ్ళబెట్టింది. అంత చిన్నవి అంత పెద్ద తొట్టిని కాస్తాయా? వాటికి ఆకలేస్తుందా? అవి నిద్రపోతాయా? ఖాజాబీ నవ్వి, తన స్పాంజిలోంచి ఒక ముక్క కత్తిరించి, ఆ తొట్టినీళ్ళతోనే సంచీలో వేసి ఇచ్చింది.

"ఇది మీ స్పాంజి పక్కన పెట్టండి. రోజూ ఒక చెంబు నీళ్ళు తీసి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు పొయ్యండి. మూడు రోజులు చేపకి మేత గింజలు వెయ్యకండి. పెట్టె మూత మాత్రం తియ్యొద్దు."

వకుళ ఇంటికొచ్చి ఆ జిగట ముక్క చూపిస్తే పేరిందేవి మూడడుగులు వెనక్కి వేసింది. "పరాయి తొట్టిలో మురికి తెచ్చి మన తొట్టిలో వేస్తావుటే! పారెయ్ ముందు!"

వకుళ కాసేపు ఆలోచించింది. అటు ఇటు చూసింది. బల్ల మీద పెరుగు గిన్నె కనపడింది.

"నాయనమ్మా, మొన్న మనింట్లో పెరుగు అయిపోతే పక్కింటి పిన్నిగారిని తోడు అడిగి తెమ్మన్నావు కదా? ఆ తోడుని మరగబెట్టి పాలల్లో వేస్తే తోడుకుంటుందా?"

"పిచ్చిదానా, మరగబెడితే ఎలా తోడుకుంటుందే, అది చచ్చి..." అని పేరిందేవి ఆగిపోయింది.

ఎంతసేపు ఆగిపోయిందో తెలుసా? పొయ్యి మీద పాలు పొంగి పొర్లిపోయాయి. ఆవిడ జన్మలో పాలు పొంగనిచ్చిన మనిషి కాదు.

ఆ తర్వాత తన చేత్తోనే, ముఖం పక్కకి తిప్పుకుని, ఆ ముక్కని పెట్టెలో పెట్టింది. మూత మీద పసుపు రాసిన పీట బోర్లించింది, తన చేతులు తనే నమ్మక.

మొదటి రోజు ఏమీ మారలేదు. పేరిందేవి చేతులు ఒకటే దురద. నాలుగుసార్లు పెట్టె దగ్గరికి వెళ్ళి, నాలుగుసార్లు వెనక్కొచ్చి కాఫీ గ్లాసులు మళ్ళీ తోమింది. రెండో రోజు మందారం పైకి రావడం మానేసింది. వకుళకి దాని తోక ఊగడం లీలగా కనపడింది. మూడో రోజు పొద్దున్నే "నాయనమ్మా!" అని కేక. పేరిందేవి జుట్టు ముడేసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. అబ్బ, ఏం తేటగా ఉన్నాయే నీళ్ళు! అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. పేరిందేవి అక్కడే చతికిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇంకో రెండు రోజులకి మాస్టారు వచ్చాడు, నల్ల కళ్ళద్దాలతో. కాఫీ కూడా అడగలేదు. తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్ళి, అద్దాలు తీసి, చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డాడు.

"దీని తోక చివర తెల్లటి అంచు ఉందా! నాకు తెలియనే తెలియదు" అన్నాడు.

పేరిందేవి ఉండబట్టలేక జరిగిందంతా చెప్పేసి, "క్షమించండి మాస్టారూ, నా శుభ్రం దాని ప్రాణం మీదికి తెచ్చింది" అంది.

"అదా సంగతి! నాకు ఆ జిగట కనపడేది కాదుగా. ఎప్పుడైనా ధార సన్నబడితే, ఆ తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే స్పాంజిని ఒకసారి పిండి పెట్టేసేవాణ్ణి" అని మాస్టారు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ, ఇప్పుడు కళ్ళొచ్చాయి కదా, సరదాగా పెట్టె మూత ఎత్తి చూశాడు.

"రామ రామ! ఇంత జిగటా! అమ్మా వకుళా, కాసిని వేణ్ణీళ్ళు పట్రా, కడిగేద్దాం!"

పేరిందేవి ఒక్క అంగలో వచ్చి మూత ఠప్పున మూసింది. మూత మీద రెండు చేతులూ వేసి నిలబడింది. "మాస్టారూ! ఈ పెట్టెలో వేణ్ణీళ్ళు పోశారంటే ఈ హోటల్లో మీకు కాఫీ చుక్క దక్కదు, చెప్తున్నా!"

వకుళ పకపకా నవ్వింది. మందారం తెల్లంచు తోక ఊపుకుంటూ, తేటనీళ్ళలో ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చింది.

కంటి పొర కాశీకి,
నీళ్ళ మసక ఏటికి,
కథ నడిచె కంచికి,
చిట్టి నడిచె నిద్రకి.