మోగని స్తంభం

తంగేడుకోన అడవిలో ఒక పాత రాతి నగరం ఉండేది. కొండముచ్చులు, ఎలుగుబంట్లు, జింకలు, పక్షులు అందులో కాపురముండేవి. నగరం నడుమ వాటి పూర్వీకులు కట్టిన మండపం ఉంది. దాని ఏడు స్తంభాలు ఏడు స్వరాలు పలికేవి. తొలకరి రోజున వడ్రంగిపిట్ట తన ముక్కుతో వాటి మీద పాట వాయించేది. ఏటి అవతల ఉండే రేచుకుక్కలు కూడా వచ్చి కూర్చుని వినేవి.

ఒక ఏడాది వానలు పడలేదు. ఏటిలో మిగిలిన ఒక్క మడుగు కోసం నగరానికీ రేచుకుక్కలకూ యుద్ధం జరిగింది. కొండముచ్చులు గుట్ట మీది నుంచి బండలు దొర్లించాయి. రేచుకుక్కలు నగరంలోకి చొరబడ్డాయి. రెండు వైపులా ఎన్నో ప్రాణాలు పోయాయి. మండపం కూలిపోయింది. అది ఎవరి దెబ్బకు కూలిందో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత వాన పడి ఏరు నిండింది. ఇక పోట్లాడడానికి ఏమీ మిగల్లేదు.

ముసలి ఎలుగుబంటి బూచమ్మ కొడుకు ఆ యుద్ధంలో చనిపోయాడు. ఆమె చాలాకాలం గుహలోంచి బయటికి రాలేదు. ఒక ఉదయం మాత్రం వచ్చి, మండపం రాళ్ళ మీది మట్టి తుడవసాగింది. అది చూసి జింకలు, పక్షులు పనిలో చేరాయి.

నాయకుడైన కొండముచ్చు గండప్పకు అది నచ్చలేదు.

"ఈ విరిగిన రాళ్ళు ఎందుకు? గెలిచింది మనం. గుట్ట మీద నా పేరుతో గోపురం కడతాను," అన్నాడు.

"నా కొడుకు ఈ మండపంలోనే నడక నేర్చాడయ్యా. నాకు ఇదే కావాలి," అంది బూచమ్మ.

గండప్ప తన మందతో, మండపం రాళ్ళు కొన్ని మోయించుకుని వెళ్ళిపోయాడు.

పని సాగింది గానీ, పైకప్పు దూలం ఎంత లాగినా లేవలేదు. అలాంటి సమయంలో రాగి అనే రేచుకుక్క తన గుంపుతో ఏరు దాటి వచ్చింది. వాటి నోళ్ళలో మండపం చెక్కడపు రాతి ముక్కలు ఉన్నాయి.

"ఏరు నిండినప్పుడు ఇవి మా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. జాగ్రత్తగా దాచాం. మీరు సరేనంటే మేమూ పని చేస్తాం," అంది రాగి.

బూచమ్మ ఒక ముక్కను అందుకుని మట్టి తుడిచింది. తర్వాత, "మీలో ఎవరు పోయారు?" అని అడిగింది.

"మా అక్క. దాని పిల్లలు."

"రా తల్లీ. ఈ తీగ పట్టుకో," అంది బూచమ్మ.

మట్టిని ఏటవాలుగా పోసి, తీగలు కట్టి, అన్నీ కలిసి దూలాన్ని పైకి లాగాయి.

ఒక స్తంభం మాత్రం పూర్తిగా పొడి అయిపోయింది. "కొత్తది పెట్టి, పాతదానిలా కనిపించేలా చేద్దామా?" అని జింకలు అడిగాయి.

"వద్దు. మోగకపోయినా మామూలు రాయే నిలబెడదాం. ఇక్కడ ఏం జరిగిందో పిల్లలకు తెలియాలి," అంది వడ్రంగిపిట్ట.

గండప్ప తొందరలో పునాది తీయకుండానే గోపురం లేపాడు. మొదటి గాలివానకే అది కూలి, అతని కాలు విరిగింది. అతని మంద ఆ చాకిరీకి విసిగి, అప్పటికే మండపం పనిలోకి వెళ్ళిపోయింది. వానలో పడి ఉన్న అతన్ని రాగి చూసి, తన గుంపుతో మోసుకొచ్చింది.

"నన్ను ఎందుకు తెచ్చారు?" అన్నాడు గండప్ప తల దించుకుని.

"తడుస్తున్నావు కదా నాయనా," అంది బూచమ్మ.

కాలు కాస్త నయమయ్యాక అతను తాను తీసుకెళ్ళిన రాళ్ళను కుంటుకుంటూ తిరిగి తెచ్చాడు. మళ్ళీ ఎవరూ అతన్ని నాయకుడని పిలవలేదు. కానీ మండపంలో చోటు ఇచ్చారు.

మరుసటి తొలకరికి అడవి అంతా అక్కడ చేరింది. బూచమ్మ లేచి నిలబడింది.

"రాళ్ళు మోసిన మీకు, ముక్కలు దాచిన మీకు, మనకు ఇది కట్టి ఇచ్చిన పెద్దలకు నా దండాలు," అంది.

వడ్రంగిపిట్ట పాట మొదలుపెట్టింది. మామూలు రాయి దగ్గరికి వచ్చినప్పుడు ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎవరి వాళ్ళను వాళ్ళు తలుచుకున్నారు. తర్వాత పాట మళ్ళీ సాగింది.

నీతి: పెద్దలు ఇచ్చినదాన్ని తిరిగి నిలబెట్టడానికి వచ్చిన చేయి ఎవరిదైనా కృతజ్ఞతతో అందుకోవాలి, ఒక్కరి గొప్ప కోసం కట్టినది నిలవదు.