నాలుగు మూరల దూరం

శేషారత్నమ్మ గారిని ప్రశ్న అడిగితే జవాబు దొరకదు, నడక దొరుకుతుంది. ఏటిగట్టు మీద ఆమె నడిపే రెండు గదుల చదువులింటికి వచ్చే శిష్యులందరికీ ఈ సంగతి తెలుసు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఆమె ఎక్కడికో బయలుదేరుతుంది. డెబ్బై దాటిన మనిషి, వాదించడం ఎప్పుడో మానేసింది. వాదనలో గెలిచినవాళ్ళను చూస్తే మాత్రం ఆమెకు కాస్త జాలి అని చెప్పుకుంటారు.

ఆ ఏడు శ్రావణంలో ఒక మధ్యాహ్నం సోమనాథం వచ్చాడు. లా చదువుతున్నాడు, మాటకారి. అతని సంచిలో ఒక వరద బీమా ఫారం ఉంది. గట్టుకు ఆవల, గోదావరి పాయల మధ్యనున్న తుమ్మికలంక నుంచి అక్క మాణిక్యం పంపింది. ఆ లంకలోని ఇరవై నేత ఇళ్ళకూ కలిపి ఒక సంఘం ఉంది, ఆమె దానికి కార్యదర్శి. ఇళ్ళకూ గుంటమగ్గాలకూ బీమా మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా, నువ్వే తేల్చమని తమ్ముణ్ణి అడిగింది. అడగదూ మరి! మూడేళ్ళ కిందట ఆ బీమా మానిపించింది అతనే. సంఘం మీటింగులో నిలబడి అరగంట మాట్లాడాడు. చప్పట్లు కూడా పడ్డాయి.

"అమ్మా, రాని వరదకు ఏటేటా భయపడి బీమా కట్టడం వివేకమా, పిరికితనమా?" అని అడిగాడు.

"నువ్వేమంటావు?"

అతని దగ్గర రుజువు సిద్ధంగా ఉంది. లంక రేవులో మొదటి ఇల్లు అతని బావ భద్రయ్యది. ఎనభై ఆరు వరద ఎంత ఎత్తుకు వచ్చిందో ఆ ఇంటి గోడ మీద, గడప పక్కన, ఇంటి లోపలి నేలకు జానెడు పైన ఉలితో గీత చెక్కి ఎర్రరంగు పూశారు. అప్పటినుంచి లంకకంతా అదే కొలత. నీరు ఆ గీతకు మూరెడు కిందికి చేరిందంటే ఎవరూ ఎవరినీ అడగరు, కట్టుబట్టలతో పడవెక్కుతారు. ఆ మూర దాటితే ప్రవాహం లంక మీదుగా అడ్డంగా కోస్తుంది, రేవులో పడవ నిలవదు. ఎనభై ఆరులో ఆలస్యం చేసినవాళ్ళు పదకొండుమంది. వాళ్ళ పేర్లే లంకలో ఇప్పటికీ పిల్లలకు పెడుతుంటారు.

"ఏడేళ్ళుగా నీరు ఆ గీత దరిదాపులకైనా రాలేదమ్మా. ఐదు మూరల కిందే ఆగిపోతోంది. నది శాంతించింది. ఇది నా ఊహ కాదు, గోడ చెబుతున్న సాక్ష్యం."

"అంతకుముందు?"

"అంతకుముందు రెండు మూరల దాకా వచ్చేదిట."

"ఏడేళ్ళ కిందట ఏమైంది?"

"ఏమవుతుందమ్మా? ఏమీ కాలేదు."

శేషారత్నమ్మ గారు అరుగు మీదనుంచి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా గట్టు దిగింది. రెవెన్యూ వాళ్ళ ఆటో మైకులో రెండో ప్రమాద హెచ్చరిక చదువుతూ వెళుతోంది. పడవ సరంగు పోతురాజు ఇంజను ఆపకుండానే చెప్పాడు: "ఈ ఒక్క తిప్పేనండి. మళ్ళీ రమ్మంటే మాత్రం రాను."

నది చప్పుడు చెయ్యడం లేదు. అదే భయంగా ఉంది. తాటాకు పైకప్పు ఒకటి చెక్కుచెదరకుండా నీటి మీద సాగిపోతోంది. దాని కొప్పున ఒక కోడి నిలబడి ఉంది. చూసి ఎవరూ నవ్వలేదు.

లంక వీధిలో మోకాలిలోతు నీరు. భద్రయ్య పైమెట్టు మీద తీరిగ్గా కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"ఏరా లాయరూ, గోదారికి నోటీసివ్వడానికొచ్చేవా?" అని, వెనక వస్తున్న శేషారత్నమ్మ గారిని చూసి గబుక్కున లేచాడు. "అయ్యో, అమ్మగారూ! తమరెందుకండీ ఈ నీళ్ళల్లో? గీత చూడండి, ఇంకా నాలుగు మూరలుంది. మా లంకోళ్ళకి మైకెందుకండీ, గోడుంది గదా!"

అరుగుల మీదున్న ఇరుగుపొరుగు నవ్వారు. లోపల మాణిక్యం నూలుకట్టలు అటక మీదికి ఎక్కిస్తోంది. మూలన మంచం మీద ఆమె అత్తగారు, నడవలేని మనిషి, గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"భద్రయ్యా, ఈ మెట్లు ఎప్పుడు కట్టించావు?" అని అడిగింది శేషారత్నమ్మ గారు.

"పై ఆరూ ఏడేళ్ళ కిందటివండి. జాకీలు పెట్టి ఇల్లెత్తించాం గదండీ! గోడలు, గడప, అన్నీ ఒక్కసారే లేచేయండి. ఎక్కడా వెంట్రుకంత పగులు రాలేదు. ఆయ్."

"ఎంత ఎత్తించావు?"

"మూడు మూరలండి," అన్నాడు గర్వంగా. "గోడతో సహా..."

మాట అక్కడ ఆగిపోయింది. చెయ్యి గీత మీదికి వెళ్ళి అలాగే ఉండిపోయింది.

మొదట లెక్క అందింది మాణిక్యానికి. ఆమె చేతిలోంచి నూలుకట్ట జారింది. "గీత కూడా లేచింది," అంది. "నాలుగులో మూడు మనం ఎత్తినవి. నీరు మూరెడే కిందుంది."

ఏడేళ్ళుగా నది ఎప్పటిలాగే వస్తూ పోతూ ఉంది. శాంతించింది నది కాదు, గోడ పైకి పోయింది. భద్రయ్య ఇల్లు మూడు మూరలు లేచింది, తక్కిన పంతొమ్మిది ఇళ్ళూ ఉన్నచోటే ఉన్నాయి. వాళ్ళందరూ ఆ గోడను చూసే బీమా మానేశారు. ఆ గోడను చూసే ఇప్పుడు అరుగుల మీద కూర్చున్నారు.

"ఒరే సోమూ," అన్నాడు భద్రయ్య. "ఆ కాగితం తెచ్చేవా? అక్క ఇప్పుడు సంతకం పెట్టేస్తే..."

"గుమ్మం దాకా వచ్చిన నీటికి బీమా రాయరు బావా."

మాణిక్యం తమ్ముడి వైపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. "అత్తయ్యను ఎత్తండి," అని మొగుడికి చెప్పి, తానే మంచం పక్కకు నడిచింది.

సోమనాథం వీధిలోకి దిగి అరిచాడు. గీత లేచిందన్నాడు, కొలత తప్పిందన్నాడు, లెక్క చెప్పాడు. అరుగుల మీదినుంచి జవాబులు వచ్చాయి.

"లాయరుగారు పార్టీ మార్చేరర్రోయ్!"

"నది శాంతించిందని చెప్పింది నువ్వు కాదుటయ్యా? చప్పట్లు కూడా కొట్టేం!"

"గీతకింకా నాలుగు మూరలుంటే నీకేం వణుకు?"

కొత్త మెట్లలో అన్నిటికంటే కిందిది అంచు తడిసింది. అతను శేషారత్నమ్మ గారి వైపు తిరిగాడు. ఆమె అప్పటికే పడవలో కూర్చుని, ముసలామె తలను ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఒక్క మాట సాయం చెయ్యలేదు.

నూలుకు ఎర్రరంగు వేసే బాన గుమ్మం పక్కనే ఉంది. సోమనాథం అందులో చెయ్యి ముంచాడు. చెక్కిన గీత నుంచి కిందికి, మోచేతితో ఒకటి, రెండు, మూడు మూరలు కొలిచి, అక్కడ కొత్త ఇటుకల మీద అడ్డంగా ఎర్రటి చెయ్యి ఈడ్చాడు. ఆ ఎరుపుకూ నీటికీ మధ్య ఇప్పుడు మూర కూడా లేదు.

నవ్వులు ఆగిపోయాయి. ఎదురింటి గున్నమ్మ ఎనభై ఆరులో తండ్రిని పోగొట్టుకున్న మనిషి. ఆ ఎరుపు చూసి, ఇంటికి గొళ్ళెమైనా పెట్టకుండా నీళ్ళలోకి దిగింది. ఆమె వెనక ఒకరు, వాళ్ళ వెనక అందరూ. రేవులో కట్టి ఉన్న చేపల పడవలన్నీ విప్పారు. పిల్లల్ని పేరుపేరునా పిలుచుకున్నారు.

పడవలు పాయ మధ్యకు చేరేసరికి వెనక ఎక్కడో ఒక మట్టిగోడ కూలింది. తడిబట్ట నేలమీద పడినట్టు మెత్తని చప్పుడు. ఎవరిదో ఎవరూ అడగలేదు. కాసేపటికి ఇంకొకటి.

సోమనాథం చెయ్యి నీళ్ళలో కడుక్కున్నాడు, రంగు పోలేదు. "అమ్మా, బీమావాళ్ళు భయపెట్టి బతుకుతారని మీటింగులో తిట్టినవాణ్ణి," అన్నాడు. "ఇవాళ ఊరంతటినీ నేనే భయపెట్టాను."

శేషారత్నమ్మ గారు ముసలామె ముఖం మీది తడిని కొంగుతో తుడిచింది.

"ఇల్లు లేచిన రోజున లంకంతా లడ్లు పంచారు, సోమూ. నేనూ తిన్నాను," అంది. "భయపడవలసింది ఆ రోజు."