ఏడుపు లేని ఊళ్ళో కాన్పు

రాణిగారి కాన్పు అయ్యేదాకా ఊళ్ళో ఎవరూ ఏడవకూడదని పాలవాగు రాజు వీరభూపాలుడు ఒకనాడు చాటింపు వేయించాడు. ఏడ్చినవాళ్ళకూ చెరసాలే, ఏడిపించినవాళ్ళకూ చెరసాలే.

రాజు చెడ్డవాడు కాడు. రెండుసార్లు కడుపు నిలవక, మూడోసారి రాణికి నెలలు నిండుతున్నాయి. దిగులుతో ఆయనకు తిండి సయించడం లేదు. అది కనిపెట్టిన ఆస్థాన పండితుడు శంభుశాస్త్రి, "కన్నీరు అశుభం ప్రభూ, బలహీనుల లక్షణం. ఊళ్ళో దాన్ని ఆపించండి, అంతా శుభమే," అన్నాడు. శాసనం కూడా తానే రాసి, సభలో రాగయుక్తంగా చదివి వినిపించాడు.

ఊరు ఊరంతా ఉగ్గబట్టుకుంది. అత్తారింటికి వెళ్ళే పెళ్ళికూతుళ్ళు పళ్ళు బిగించి బండెక్కారు. ఉల్లిపాయలు తరిగేవాళ్ళు తలుపులు వేసుకున్నారు.

మంత్రసాని ఓబుళమ్మకు మొదట్లో ఇదంతా నవ్వులాటగానే ఉండేది. కానీ ఒక ఉదయం పక్కింటి నాంచారిని భటులు పట్టుకుపోయారు. మూడేళ్ళ కింద యుద్ధానికి వెళ్ళిన మొగుడు, ఇక రాడనుకున్నవాడు, గుమ్మంలో నిలబడేసరికి ఆ పిల్ల అతని మెడ పట్టుకుని బావురుమంది. ఏడిపించినందుకు అతన్నీ లోపల వేశారు.

ఓబుళమ్మ చేతిలో పని అక్కడే వదిలేసి కొలువుకు వెళ్ళింది.

"దొరా, కాన్పుకు నేను రాలేను. ఇంకో మంత్రసానిని చూసుకోండి."

రాజు ముఖం పాలిపోయింది. "నన్ను ఈ లోకంలోకి తెచ్చిన చేతులవి. నువ్వే రాకపోతే ఎలా?"

"బిడ్డ బయటపడగానే ఏడిపించడం నా పని. ఏడిపిస్తే చెరసాల అన్నారు కదా."

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. శాస్త్రికి ఆ నవ్వు గుచ్చుకుంది.

"రాజుగారి బిడ్డ అందరి పిల్లల్లా గుక్కపెడుతుందా? పుడుతూనే గంభీరంగా ఉంటుంది. శాసనం శాసనమే," అన్నాడు.

"అయితే శాస్త్రులుగారు గది బయటే కూర్చుని సాక్ష్యం చెప్పాలి. అలాగైతే వస్తాను."

రాజు ఒప్పుకున్నాడు.

మూడోనాటి మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. రాణి పెదవి కొరుక్కుంటూ, "ఏడుపొస్తోంది ఓబుళమ్మా," అంది.

"ఏడవండి తల్లీ. ఈ గదిలో చెల్లేది నా మాటే."

పొద్దు వాలుతుండగా ఆడపిల్ల పుట్టింది. పుట్టింది కానీ కిక్కురుమనలేదు. ఒళ్ళు నీలంగా ఉంది. శాసనమూ, శాస్త్రీ, అన్నీ ఓబుళమ్మ మనసులోంచి ఎగిరిపోయాయి. బిడ్డ నోరు తుడిచింది. వీపు రుద్దింది. అరికాళ్ళు తట్టింది.

తలుపవతల రాజు గొంతు వినిపించింది. "చప్పుడేది? ఏమైంది?"

ఆయన తలుపుకు నుదురు ఆనించి, కన్నీళ్ళు కారుతుండగా, "ఏడు నాన్నా. ఒక్కసారి ఏడు," అని గొణిగాడు.

ఓబుళమ్మ మళ్ళీ అరికాళ్ళు తట్టింది. పిల్ల ఒళ్ళు ముడుచుకుని, నోరు తెరిచి, కేరుమంది. ఆ ఏడుపు గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి కోట ముంగిట్లోకి పాకింది. విన్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. అంత తీయటి చప్పుడు ఆ ఊళ్ళో చాలాకాలంగా ఎవరూ వినలేదు. రాజు గడప మీదే కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఓబుళమ్మ బిడ్డను గుడ్డలో చుట్టి బయటికి తెచ్చి, భటుల్ని కేకేసింది.

"ఇటు రండయ్యా, ఇద్దరు దొరికారు. ఒకరికి పళ్ళింకా రాలేదు, ఇంకొకరికి కిరీటం ఉంది. ఏడిపించినదాన్ని నేనే. సాక్షి శాస్త్రులుగారు."

భటులు ముఖముఖాలు చూసుకున్నారు. రాజు తడికళ్ళతో శాస్త్రి వైపు తిరిగాడు. శాస్త్రికి చెమటలు పట్టాయి.

"ఇవి ఆనందబాష్పాలు ప్రభూ. వీటికి శాసనం వర్తించదు."

"మరి నాంచారివి ఏ బాష్పాలు శాస్త్రులుగారూ?" అంది ఓబుళమ్మ. "మొగుడు తిరిగొచ్చాడని కదా ఆ పిల్ల ఏడ్చింది."

శాస్త్రి రెండడుగులు వెనక్కి తగ్గాడు.

"వాళ్ళిద్దర్నీ ఇప్పుడే వదలండి," అన్నాడు రాజు. కళ్ళు తుడుచుకుని, "ఆ శాసనం తెచ్చి నా ముందే చింపెయ్యండి. బిడ్డ కేరుమనే ముందు భయంతో కూడా ఏడ్చాను ఓబుళమ్మా. ఇన్ని నెలల బరువు అప్పుడే దిగింది," అన్నాడు.

తన చేతి బంగారు కడియం తీసి ఆమెకు తొడిగాడు. తలెత్తితే ఆమె చెంపలు తడిసి ఉన్నాయి.

"నువ్వూ ఏడుస్తున్నావా?"

"ఇందాకటి నుంచీ ఏడవాలనే ఉంది దొరా. ఇప్పుడే తీరిక దొరికింది."

రాజు పకపకా నవ్వాడు. లోపల్నుంచి రాణి నవ్వింది. భటులూ నవ్వారు. చేసేదిలేక శాస్త్రి కూడా నవ్వాడు. పాప మాత్రం ఎవరికీ జంకకుండా ఏడుస్తూనే ఉంది.