తిరగలి దీవికి గవ్వల పటం

ఈ కథ అబద్ధమని అనుమానమున్న మహానుభావులు ముందుకొచ్చి కూర్చోండి. వెనక నక్కి పెదవి విరిస్తే కుదరదు. ఏడు సముద్రాలు ఎండిపోయినా ఇందులో ఒక్క మాట ఎండదు.

మణిసారమనే రాజ్యాన్ని అనగనగా ఒక రాజు ఏలేవాడు. ఆయన మీసం దువ్వితే పొరుగు దేశంలో గాలివాన లేచేది. ఆయనకు ముగ్గురు కొడుకులు.

ఏడు సముద్రాల అవతల ఒక మాంత్రికుడు. రోజూ తెల్లవారుతూనే తన దీవిని తిరగలిలా ఒక్క తిప్పు తిప్పేవాడు. నిన్నటి కొండ ఇవాళ లోయ, నిన్నటి దారి ఇవాళ మడుగు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉందని లోకమెరుగును. ఆ చిలక ఎక్కడుందో ఎవరూ ఎరుగరు. వాడు రాజుకు కబురంపాడు: "చేతనైతే నా చిలకని పట్టుకో. చేతకాకపోతే వచ్చి నా కాళ్ల దగ్గర కిరీటం పెట్టు."

పెద్దకొడుకు తాతలనాటి పట్టుబట్ట పటం పట్టుకెళ్లాడు. పటంలో ఉన్న దారి దీవిలో లేదు. మాంత్రికుడు వాణ్ణి శిల చేశాడు. రెండోవాడు తెలివిగా రోజుకో కొత్త పటం గీశాడు. రంగు ఆరేలోపే దీవి తిరిగింది. వాడూ శిల అయ్యాడు.

రాజు కిరీటం తీసి చేత పట్టుకున్నాడు. "ఉన్న ఒక్కణ్ణీ పోగొట్టుకోలేను నాయనా. వెళ్లి తల వంచేస్తాను."

మూడోవాడు నీలకేతుడు కిరీటం లాక్కుని తండ్రి తలమీదే పెట్టేశాడు. "ఇది ఇక్కడే ఉంటుంది నాన్నగారూ. అన్నల్ని తీసుకునే వస్తాను."

ఒక తాబేలునెక్కాడు. ఎంత తాబేలనుకున్నారు? దాని డిప్పమీద రెండు ఊళ్లు కట్టి మధ్యన సంత పెట్టవచ్చు. ఏడు సముద్రాలూ దానికి ఏడు గుటకలు.

దీవి ఒడ్డున ఇసుక చదును చేసి, నీలకేతుడు ఒక పచ్చరాయి పెట్టాడు. అది చిలక. దానికేం కావాలి? నీళ్లు. కింద గీత గీసి, చెరువుకు గుర్తుగా ఒక గవ్వ పెట్టి, చెరువు దగ్గర కాపు కాశాడు. తెల్లారేసరికి చెరువు కొండ నెత్తికెక్కి కూర్చుంది. అతను నవ్వి గవ్వ తీసేశాడు. "సరే, ఇది కదిలేది."

పైనుంచి ఒక కాకి చూసింది. "ఇదేం పటం బాబూ? కొండ లేదు, దారి లేదు."

"దారి రేపు మారుతుంది కాకిబావా, ఆకలి మారదు. ఆ చిలక ఏం తింటుందో మీ పిట్టల్ని అడిగి రా."

కాకి వెళ్లొచ్చి "జొన్నకంకి" అంది. గీత కింద కంకికో గవ్వ. కంకికి కావలసింది చేను, దానికింకో గవ్వ.

"చేను మాత్రం కదలదా?" అని ఎగతాళి చేసింది కాకి.

కాలి దగ్గర చీమ తలెత్తింది. "వేరున్నదాన్ని రోజూ తిప్పితే బతుకుతుందా? మా పుట్ట ఆ గట్టుమీదే, ముత్తవ్వల నాటినుంచి. దీవంతా తిరుగుతుంది గానీ ఆ చేను తిరగలి నడిమి మేకు. మా బారు వెంట రా."

చేలో మంచెమీద వడిసెల పట్టుకుని ఒక పిల్ల. మాంత్రికుడు పసితనంలోనే ఎత్తుకొచ్చిన రాచబిడ్డ కుముదిని.

"ఎవరయ్యా, పైరు తొక్కుతున్నావ్?"

"చిలక కోసం వచ్చాను."

"అన్ని పిట్టల్నీ కొట్టు, దాన్ని మాత్రం ముట్టుకోకు అంటాడు వాడు. ఎందుకో తెలీదు."

"వాడి ప్రాణం దాన్లో ఉంది గనక."

కుముదిని వడిసెలలో రాయి పెట్టింది. "ఈ ముక్క ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?"

ఆమె విసురుకు మూడు మబ్బులు చిరిగాయి. కంకి కోసం వచ్చిన చిలక రెక్క విరిగి నీలకేతుడి దోసిట్లో పడింది. మాంత్రికుడు రొప్పుతూ వచ్చాడు. "బాబూ, దీవి రాసిస్తాను, వదులు."

"ముందు మా అన్నల్ని లేపు."

లేపాడు. లేపుతూనే దొంగబుద్ధితో దీవిని గిర్రున తిప్పాడు. కొండలు ఎగిరాయి, అడవులు దొర్లాయి. చేలో ఒక్క కంకి ఊగలేదు.

"నీ ఓపిక, తిప్పుకో," అన్నాడు నీలకేతుడు. "మేం మేకు దగ్గరున్నాం."

చిలక మెడ తిప్పాడు. మాంత్రికుడు పిండై రాలిపోయాడు.

"నాతో వస్తావా?" అని అడిగాడు కుముదినిని.

"కోత అయ్యాక," అంది.

కోత అయ్యింది, పెళ్లీ అయ్యింది. వాళ్లు ఏలినన్నాళ్లు మణిసారం ఎవరికీ తల వంచలేదు. ఇంకా నమ్మరా? ఆ పెళ్లిలో ఏనుగంత పప్పుగుండిగ ఒంటిచేత్తో మోసినవాడు బతికే ఉన్నాడు, వెళ్లి అడగండి. పేరు గుండిగల సింహాద్రి.