శుభ్రం చేసిన రికార్డు

సుగుణమణి గారు రోగి పక్కన కూర్చోగానే వాయించడం మొదలుపెట్టేవారు కాదు. ఒళ్లో పట్టేంత చిన్న హార్ప్‌ని భుజానికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, రోగి ఊపిరి వింటూ ఉండిపోయేవారు. కొత్తగా వచ్చినవాళ్లు ఈవిడ కునుకు తీస్తోందనుకునేవారు. చాలాసేపటికి, ఊపిరి లోపలికి పోతుంటే ఒక తీగ, బయటికి వస్తుంటే ఇంకో తీగ మీటేవారు. ఊపిరి ఆగితే వేళ్లూ ఆగేవి. ఇక కోలుకోరని తేలిపోయిన వాళ్లని ఉంచుకునే ఆశ్రమం అది, నర్సాపురం పక్కన. అక్కడ ఊపిరి ఆగి ఆగి రావడం మామూలే.

శిష్యురాలు దీవెనకి స్వరజ్ఞానం ఉంది. రికార్డింగ్ పని కూడా పట్నంలో నేర్చుకుని వచ్చింది. కొన్నాళ్లు ఓపిక పట్టి, చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"అమ్మగారూ, పల్లవి లేదు, తాళం లేదు. మనిషి ఎలా రొప్పితే అలా మీటుకుంటూ పోవడమేనా? దీన్ని సంగీతం అంటారా?"

సుగుణమణి గారు నొచ్చుకోలేదు. "రేపు సత్తిబాబు దగ్గర నువ్వు వాయించు. వాళ్లావిడ రికార్డు కూడా చెయ్యమంటోంది" అన్నారు.

సత్తిబాబు రొయ్యల చెరువుల మీద మోటార్లు బాగుచేసేవాడు. గొంతులో పుండు పుట్టి, ఆపరేషనుతో మాట పోయింది. మెడకి పెట్టిన గొట్టంలోంచి సన్నటి ఈలలా ఊపిరి వచ్చేది. కూతురు పుట్టింది ఆ తర్వాతే. నాన్న గొంతు ఆ పిల్ల ఎన్నడూ వినలేదు. ఆ ఈల వినబడితే మాత్రం తాగుతున్న పాలు వదిలేసి అటు తల తిప్పేది. అతని భార్య నాగవేణి తన ఫోనులో దాన్ని పట్టుకోవాలని చూసింది కానీ ఫ్యాను రొదలో అది కలిసిపోయేది. మంచి మైకుంటే దక్కుతుందని ఆశపడి, "ఆయన దగ్గర వాయించింది మా పిల్ల కోసం దాచిపెట్టండి" అని అడిగింది. ఈల అని నోరు విడిచి చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకుంది, పాపం.

ఆ మధ్యాహ్నం దీవెన గురువు చెప్పినట్టే వాయించింది. అతని ఊపిరి ఆగిన చోటల్లా ఆగింది. ఆ వారంలోనే సత్తిబాబు పోయాడు.

దీవెన చెడ్డపిల్ల కాదు. ఏడుస్తున్న ఇంటికి పంపేది బాగుండాలని కూర్చుని కష్టపడింది. ముందు ఫ్యాను రొద తీసేసింది. తర్వాత ఈల తీసేసింది. వాయిద్యం వినబడని చోట్లన్నీ కోసేసి, తీగల మోతని తీగల మోతకి అతికించింది. ఎక్కడా మరక లేకుండా వచ్చింది. కంప్యూటరులో చోటు చాలక అసలు రికార్డుని తుడిచేసింది. పని తెలిసిన చేతులతో వచ్చే చిక్కే ఇది. ఏది చెత్తో ఎవర్నీ అడగాలనిపించదు.

పెద్దకర్మ అయ్యాక నాగవేణి పిల్లని చంకనేసుకుని వచ్చింది. దీవెన రికార్డు పెట్టింది. గది నిండా హాయిగా సంగీతం. పిల్ల తల్లి కొంగు నములుతూ కిటికీ వైపు చూస్తోంది. నాగవేణి పిల్ల మొహమే చూస్తోంది. చివరిదాకా అలాగే చూసింది.

"వేరే వాళ్లది పెట్టినట్టున్నారండీ, మేడం గారూ. మా ఆయన దగ్గర మీరు ఆగి ఆగి వాయించారు కదండీ."

"ఇది ఆయనదేనండీ. మధ్యలో చప్పుళ్లుంటే శుభ్రం చేశాను."

నాగవేణికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "మొత్తం తీసేశారాండీ?" అంది.

దీవెన తలూపింది. నాగవేణి తిట్టలేదు, ఏడవలేదు. "పిల్ల తల తిప్పలేదండీ" అని మాత్రం అంది, తన తప్పేదో ఒప్పుకుంటున్నట్టు. పిల్లని భుజం మార్చుకుని బస్సు వేళయిందని వెళ్లిపోయింది. అప్పుడు తెలిసింది దీవెనకి, ఆ పిల్ల దేనికోసం తల తిప్పాలో. అక్కడికక్కడే చచ్చిపోతే బాగుండుననిపించింది.

సుగుణమణి గారు గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నారు. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. దీవెన హార్ప్ ఒళ్లోకి లాక్కుంది.

"ఆ రోజు వాయించింది నాకు గుర్తుందమ్మగారూ. మళ్లీ వాయించి ఇచ్చేస్తాను. ఈసారి ఏదీ కొయ్యను. ఆగి ఆగే వాయిస్తాను."

సుగుణమణి గారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"వాయించు తల్లీ" అన్నారు. "ఎక్కడ ఆగాలో ఎవరు చెబుతారు?"