దుబ్బక్క బుసనీళ్ళు

గుమ్మడికోన అనే అడవిలో అడవిపందులు, అడవిదున్నలు, కుందేళ్ళు, కొండముచ్చులు ఉండేవి. దుబ్బక్క అనే ఎలుగుబంటి కూడా తన పిల్ల గుండుతో అక్కడే ఒక గుహలో ఉండేది. ఎండాకాలం వస్తే ఆ అడవి మొత్తానికీ మిగిలేది ఒక్క మడుగే.

ఆ మడుగు కోసం పందులూ దున్నలూ కొట్టుకుంటే మధ్యలో నలిగేవి చిన్న ప్రాణులు. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. వేసవి మొదట్లో పందుల పెద్ద, దున్నల పెద్ద గట్టు మీద ఎదురెదురుగా నిలబడి చెరో సొరకాయ డిప్పెడు బుసనీళ్ళు తాగాలి. రెండు డిప్పలూ సమానంగా ఉండాలి. తాగాయా, వానలు పడేదాకా పోట్లాట లేదు. ఒకదానిలో తగ్గిందా, ఇక ఆ ఏడు ఒప్పందం లేనట్టే.

బుసనీళ్ళంటే మరేం కాదు, మొలకెత్తిన రాగులు కాచి పులియబెట్టిన పానీయం. మనుషులు బీరు అంటారే, దానికి చుట్టమే. బిరడా తీస్తే బుస్సుమంటుంది కాబట్టి ఆ పేరు. పిల్లలకు మాత్రం చుక్క కూడా పోసేవారు కాదు.

దాన్ని చేసేది దుబ్బక్క. చేసినన్నాళ్ళూ దానికి కంటి మీద కునుకు ఉండేది కాదు. కుండలో బుడగలు పూర్తిగా ఆగేదాకా చూసేది. తర్వాత ఎండిన సొరబుర్రల్లో పోసి, ఒక్కోదానిలో కాస్తంత తేనె వేసి, బిరడా బిగించేది. ఆ తేనె పులిసి లోపల గాలి పుడుతుంది. బయటికి దారి లేక ఆ గాలి నీళ్ళలోనే కలిసిపోతుంది. తేనె తక్కువైతే బుస రాదు. ఎక్కువైతే బుర్రే పగులుతుంది. సరిపోయిందో లేదో, పగులుతుందో ఏమో అని దుబ్బక్క బుర్రలకు చెవి ఆనించి వింటూ ఉండేది. బుస పట్టాక వాటిని వాగులోని చల్లటి ఇసుకలో పాతిపెట్టేది.

ఇదంతా చూసి చెంగన్న అనే కొండముచ్చు పకపకా నవ్వేవాడు.

ఒక ఏడు, "ఇంత భయమెందుకక్కా? ఆ పిసరంత తేనెకు ఏం బుస వస్తుంది? నేను చేసి చూపిస్తా చూడు!" అన్నాడు.

అన్నట్టే చేశాడు. కుండలో బుడగలు ఆగకముందే బుర్రల్లోకి వంపేశాడు. దోసిళ్ళతో తేనె గుమ్మరించాడు. వాటిని తీసుకెళ్ళి ఎండలో బండ మీద పెట్టాడు. పెద్దల ముందు ఒక బుర్ర విప్పితే నురగ చెట్టుకొమ్మ దాకా ఎగిసింది.

"ఏమి పొంగు! ఏమి పొంగు! ఈ ఏడు చెంగన్నే పొయ్యాలి" అంది పందుల పెద్ద. దున్నల పెద్ద కూడా తలూపింది.

దుబ్బక్క గుండెలో రాయి పడింది. "అంత పొంగితే తాగడానికి ఏం మిగులుతుంది బాబూ?" అంది.

"ఓర్వలేక అంటున్నావులే" అన్నాడు చెంగన్న.

దుబ్బక్క అక్కడి నుంచి వచ్చేసింది. కానీ మనసు ఒప్పక, ఎందుకైనా మంచిదని తను చేసిన ఒక పెద్ద బుర్రను వాగు ఇసుకలో పాతిపెట్టుకుంది.

ఒప్పందం రోజు రానే వచ్చింది. చెంగన్న బుర్రను చంకన పెట్టుకుని కొమ్మ మీంచి కొమ్మకు గెంతుతూ వచ్చాడు. అందరూ చూస్తుండగా బిరడా ఒక్క లాగు లాగాడు. బుస్సున పొంగి దున్నల పెద్ద ముఖమంతా నురగైంది. మిగిలినదాన్ని ఎత్తు నుంచి ధారగా డిప్పల్లో పోశాడు. రెండూ అంచుల దాకా తెల్లగా నిండాయి. అందరూ ఆహా అన్నారు.

ఇంతలో నురగ అణిగింది. పందుల పెద్ద డిప్పలో రెండు గుక్కలు ఉన్నాయి. దున్నల పెద్ద డిప్పలో అడుగు తడిసిందంతే.

"నన్ను మోసం చేస్తారా?" అని దున్నల పెద్ద రంకె వేసింది. పందులు కోరలు బయటపెట్టాయి. దున్నలు కొమ్ములు వంచాయి. ఆ రెంటి మధ్య గట్టున కుందేళ్ళు వణికిపోతున్నాయి. వాటి పక్కనే గుండు నీళ్ళు తాగుతోంది.

దుబ్బక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఒక్క క్షణం ఆగండి బాబూ! నా దగ్గర ఇంకో బుర్ర ఉంది!" అని అరిచి వాగులోకి దిగింది. బుర్ర చేతికి వచ్చింది. పరుగెత్తాలని కాళ్ళు తొందరపడుతున్నాయి. పరుగెత్తితే బుర్ర కదులుతుంది, కదిలితే పొంగుతుంది. బిడ్డ మీదే చూపు పెట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది.

ముందు డిప్పలు కడిగి చల్లటి నీళ్ళతో తడిపింది. తర్వాత బిరడాను కొద్దిగా వదులు చేసింది. సుయ్‌మని గాలి పోయింది. ఆగింది. మళ్ళీ వదులు చేసింది.

"త్వరగా పొయ్యి!" అని పందుల పెద్ద గుర్రుమంది.

"త్వరపడితే మళ్ళీ నురగే తాగాలి బాబూ" అంది దుబ్బక్క. డిప్పను ఒక పక్కకు వంచి, లోపలి అంచు వెంబడే సన్నగా పోసింది. నిండుతున్నకొద్దీ నిలబెట్టింది. పైన పల్చటి నురగ మాత్రమే తేలింది. రెండో డిప్ప కూడా అలాగే నింపింది.

"నురగ అణిగేదాకా నేను ముట్టను" అంది దున్నల పెద్ద.

అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. నురగ మెల్లగా అణిగింది. రెండు డిప్పలూ సమానంగా, నిండుగా ఉన్నాయి. పెద్దలు రెండూ ఒక్కసారే తాగాయి. పందుల పెద్ద గట్టిగా త్రేన్చింది. దున్నల పెద్ద కొమ్ములెత్తి పక్కకు జరిగి, కుందేళ్ళకు దారి ఇచ్చింది.

అప్పుడే బండ మీద ఫట్ ఫట్‌మని చప్పుళ్ళు వినిపించాయి. ఎండకు చెంగన్న బుర్రలన్నీ పగిలిపోయాయి. కాపాడుకుందామని పరుగెత్తిన చెంగన్న ఒళ్ళంతా తీపి జిగురైంది. చీమలు పట్టాయి. వాడు లబోదిబోమంటూ వచ్చి మడుగులో దూకాడు.

తోకలోని చీమలు ఏరుకుంటూ, "అక్కా, నీకు భయం వెయ్యలేదా?" అని అడిగాడు.

"వేసిందిరా. భయం వేసింది కాబట్టే మెల్లగా పోశాను" అంది దుబ్బక్క. అని గుండును ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది.

మరుసటి ఏడు వాగు నుంచి బుర్రను మోసుకొచ్చింది చెంగన్నే. రెండు చేతులా పట్టుకుని, కొమ్మల వైపు కన్నెత్తి అయినా చూడకుండా, నేల మీద నడిచి వచ్చాడు.

నీతి: పైపొంగు చూసి నిండుగా ఉందని నమ్మకూడదు. ఎంత భయం వేసినా తొందరపడకుండా చేసిన పనే నలుగురినీ కాపాడుతుంది.