రెండు ఎడమ చేతుల జాకెట్టు

రాజమండ్రిలో నూకరాజు అనే టైలరు ఉండేవాడు; పనిలో మంచి నేర్పరే గానీ, ఇంకొకరి గొప్ప తనదని చెప్పుకోందే అతనికి అన్నం సహించేది కాదు.

ఆ ఊళ్లో సువర్చలమ్మ పెళ్లిబట్టల దుకాణం తెరవబోతోంది. ఆవిడకు కటింగ్ మాస్టరు కావాలి. నూకరాజు నమూనాగా ఒక జాకెట్టు కుట్టి ఇచ్చాడు. అది ఆవిడ ఒంటికి అతికినట్టు కుదిరింది. ఉద్యోగం ఖాయమైనట్టే. అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకుంటే నూకరాజు ఎందుకవుతాడు!

"కాదంబరి గారి దగ్గర పదేళ్లు చేశానమ్మా. పేరు ఆవిడది, చెయ్యి నాది" అన్నాడు.

కాదంబరి సినిమాతారలకు బట్టలు రూపొందించిన పెద్ద డిజైనరు. ఆ మధ్యే కన్నుమూసింది. నూకరాజు ఆవిడ గుమ్మం కూడా తొక్కి ఎరగడు.

"అయితే మంచిదే! మ్యూజియంలో ఆవిడ బట్టల ప్రదర్శన పెట్టారట. నువ్వే దగ్గరుండి చూపించు" అంది సువర్చలమ్మ.

నూకరాజు, పోయిన మనిషి లేచొచ్చి కాదంటుందా అని ధైర్యం చెప్పుకున్నాడు.

ఆదివారం వెళ్లారు. సువర్చలమ్మ అత్తగారు రాజ్యలక్ష్మమ్మ కూడా వచ్చింది. ఆవిడ ప్రతి అద్దాలబీరువా దగ్గరా ఆగి, కళ్లజోడు సర్దుకుని, కింద అంటించిన చీటీ అక్షరం వదలకుండా చదివేది. అందుకే మిగతావాళ్లకంటే ఎప్పుడూ ఒక బీరువా వెనకబడి ఉండేది.

నూకరాజుకు చీటీలతో పనేముంది? "ఈ లంగా అంచు నాదే. ఆ కోటు కాలరు నేనే నిలబెట్టాను" అంటూ సాగాడు. చుట్టూ జనం మూగారు. జనాన్ని చూసేసరికి గొంతు ఇంకా లేచింది.

చివరి బీరువాలో, పట్టుగుడ్డ మీద, ఒక్కటంటే ఒక్క పాత ఎర్ర జాకెట్టు పెట్టారు. అంత మర్యాద చేశారంటే ఆవిడ పనుల్లోకెల్లా గొప్పది అదే అనుకున్నాడు నూకరాజు. దాని వంక సరిగా చూడనైనా లేదు. జనం వైపు తిరిగి రొమ్ము విరుచుకున్నాడు.

"అన్నిట్లోకీ ఇది! కత్తిరింపు నుంచి ఆఖరి కుట్టు దాకా నాదే. ఆవిడ వేలు కూడా పెట్టలేదు!"

అప్పటికి రాజ్యలక్ష్మమ్మ వచ్చి చేరింది. వంగి, చీటీ పైకి చదివింది. "'ఇది నేను కుట్టిన మొదటి జాకెట్టు. బట్ట మడవకుండా కత్తిరించి, రెండూ ఎడమ చేతులే చేశాను. గర్వం వచ్చినప్పుడల్లా తీసి చూసుకుంటాను. కాదంబరి.' ఏమయ్యా, ఇదీ నువ్వేనా?"

నూకరాజు అవునంటే మొద్దు. కాదంటే అబద్ధాలకోరు.

"అంటే... నేను గుండీలు మాత్రం..."

"గుండీలేవయ్యా? హుక్కులైతేనూ!"

జనం పగలబడి నవ్వారు. సువర్చలమ్మ మాత్రం నవ్వలేదు. తన ఒంటిమీది జాకెట్టు తడిమి చూసుకుంది.

"మరి ఇదైనా నువ్వు కుట్టిందేనా? ఇంకెవరి చేతైనా కుట్టించావా?"

"ఒట్టమ్మా! ఇది మాత్రం నిజంగా నేనే!"

"పొద్దుటి నుంచీ అన్నిటికీ ఇదే మాట కదా" అంది ఆవిడ. ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది.

కాదంబరి తన తప్పు కింద తన పేరే పెట్టుకుంది, ఆవిడ గొప్ప ఇసుమంతైనా తగ్గలేదు. చేయనిది చేశానని చెప్పుకునేవాణ్ణి, నిజంగా చేసింది చెప్పుకున్నా ఎవరూ నమ్మరు.